మేనమామ ఇచ్చే టెస్టరు

గుడివాడ,
9 జూలై 1998

బావగారికి నమస్కారం.

శ్రీలేఖకు డిగ్రీ కాలేజీలో సీటు మాట్లాడి ఉంచానని రాశారు. మీ అభిమానం తెలుసు. కానీ అమ్మాయి ఐటిఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు చేస్తానంటోంది. నాకూ ఇష్టమే. "ఆడపిల్ల స్తంభాలెక్కుతుందా?" అని మీరు అంటారని నేనే ముందు అడిగాను. "మోటార్లు నేల మీదే ఉంటాయి నాన్నా" అంది. నేను బి.కాం. చదివాను. ఫ్యూజు పోతే ఈనాటికీ పక్కింటివాళ్లనే పిలుస్తాను.

మీ చెల్లెలు కన్నుమూసిన నెలలోనే ఆవిడ మిక్సీ కూడా ఆగిపోయింది. అటక మీద పెట్టేశాను. మొన్న ఆదివారం శ్రీలేఖ దాన్ని దించి, విప్పి చూసి, "మోటారులో బ్రష్షులు అరిగాయి, అంతే" అని కొత్తవి వేసింది. మీట నొక్కగానే వంటిల్లంతా ఆ పాత చప్పుడు. నేను కాసేపు పెరట్లోకి వెళ్లొచ్చాను.

ఇంత చేసీ, మీరు సరేననకుండా కోర్సులో చేరదట. "మావయ్య అలిగితే పెళ్లిబుట్టలో నన్ను ఎవరు మోస్తారు?" అంటోంది. సోమవారంతో గడువు అయిపోతుంది. అందుకని ఆదివారం పొద్దున్నే తోట్లవల్లూరు నుంచి బయలుదేరి రండి. ఓణీల ఫంక్షన్‌కు పట్టుబట్టలు పెట్టిన చేత్తోనే ఒక టెస్టరు, కటింగ్ ప్లయరు కొనిపెట్టండి. మొదటి పనిముట్లు మేనమామ చేతి మీదుగా అందుకోవాలని దాని కోరిక.

భోజనంలోకి కొబ్బరి పచ్చడి నేనే చేస్తాను. నలిగే సంగతి మిక్సీ చూసుకుంటుంది. ఉప్పు ఎంతో మీ చెల్లెలు చెప్పకుండానే వెళ్లిపోయింది. మీరు రుచి చూసి చెప్పండి.

మీ బావ