ఓడ దిగిన తిండి ముట్టను!

జూన్ 3, ఉదయం
శపథం! ఈ రోజు నుంచి ఓడ దిగిన తిండి ముట్టను. కింద సంతకం కూడా పెట్టాను. శంకరరావు.

నిన్న డాక్టరమ్మ నా రిపోర్టు చూసి పెదవి విరిచింది. "తెల్లన్నం, బిస్కెట్లు, పామాయిల్ తగ్గించండి. ఇక్కడ పండే ఆకుకూరలు, ఇక్కడి చేపలు తినండి. నెలలో షుగర్ దిగకపోతే ఇన్సులిన్ సూదే" అంది. సూదంటే నాకు హడల్.

డైరీ ఫార్మ్ పేటలో నా కిరాణా కొట్టు నిండా, ఈ ద్వీపంలో అన్ని కొట్లలాగే, ఓడ సరుకే. అయితేనేం? అది అమ్మడానికి, తినడానికి కాదు.

జూన్ 3, మధ్యాహ్నం
మొదటి అడ్డంకి ఉప్పు! చుట్టూ సముద్రమే, ఉప్పు ప్యాకెట్ మాత్రం మెయిన్‌ల్యాండ్ నుంచి రావాలి. చింతపండు, కందిపప్పు, ఎండుమిర్చి కూడా అంతే. మా ఆవిడ సుందరి నడుం మీద చెయ్యేసుకుని, "మరేటి వండమంటారు, మీ తలకాయా?" అంది.

ఉప్పుకి మినహాయింపు ఇచ్చాను.

జూన్ 5
కొబ్బరిపాలలో ఉడికిన చేప, తోటకూర. అద్భుతం! ఒళ్లు తేలికైపోయింది. కొట్టుకొచ్చిన వాళ్లందరికీ ఉపన్యాసం దంచాను. ఒకాయన బిస్కెట్లు కొనకుండా వెళ్లిపోయాడు. ఇకపై ఉపన్యాసాలు కొట్టు కట్టేశాకే.

జూన్ 8
గాలివాన. ఓడ రాలేదు. ఉల్లిపాయల్లేక ఊరంతా గోల. నేను మాత్రం మహారాజుని! ప్రోతరాపూర్‌లో మా పక్కింటి కామమ్మ పెరట్లోంచి కర్రపెండలం తెచ్చుకున్నాను. మూడు పూటలా అదే. ఇక్కడ పండిందే కదా, ఎంతైనా తినొచ్చు.

"నీ కూరలు మా కొట్టుకి తెచ్చి అమ్మొచ్చుగా?" అన్నాను.

"ఏటి తెత్తాను బాబూ? గుమ్మం కాడ జాగా అంతా మీ చిప్స్ ప్యాకెట్లే గదా! నా తోటకూర సాయంత్రానికి వాడిపోద్ది. అవేమో ఆర్నెల్లయినా అలగే ఉంటాయి."

ఆలోచిస్తానన్నాను. ఆ చిప్స్ స్టాండు కంపెనీ వాళ్లిచ్చింది. ఎలా తీస్తాం?

జూన్ 10
గుడ్డు సమస్య. కోడి ఇక్కడిదే, దాని దాణా ఓడలో వచ్చింది. తినొచ్చా, కూడదా?

"మీరు మాత్రం? ఇక్కడే పుట్టారు, ఓడ బియ్యం తినే పెరిగారు. మిమ్మల్ని నాను భరించట్లేదేటి?" అంది సుందరి.

రెండు తిన్నాను.

జూన్ 13
ఓడొచ్చింది! ఉల్లిపాయలొచ్చాయి! బయట వాన. సుందరి తనకోసమని పకోడీలు వేసుకుంటోంది. వాసన పీల్చడం తినడం కిందికి రాదు.

కాసేపయ్యాక: పిండిలో కలిపిన నీళ్లు మన ద్వీపానివే కదా.

జూన్ 16
సముద్రం కుదుపులకి బిస్కెట్ ప్యాకెట్లు చాలా నుజ్జయ్యాయి. పగిలినవి ఎవరూ కొనరు. అవి ఇంటికి తెచ్చుకోవడం నాన్నగారి కాలం నుంచీ మా కొట్టు ఆచారం. పారేయొచ్చుగా అంటారేమో! అంత డీజిల్ తగలేసి తెచ్చిన తిండిని పారేయడం పర్యావరణానికి ద్రోహం. బాధ్యతగా తిన్నాను.

జూన్ 21
కొన్ని ప్యాకెట్లు సరిగ్గా పగల్లేదు. నేనే సాయం చేశాను.

సుందరి చూసింది. తిట్టినా బాగుండేది. చాలా సిగ్గేసింది.

జూలై 3
షుగర్ పెరిగింది. "కర్రపెండలం మూడు పూటలా తినమని ఎవరు చెప్పారండీ?" అంది డాక్టరమ్మ. బిస్కెట్ల సంగతి నేను దాచాను, సుందరి చెప్పేసింది. సూది మొదలు.

ఇంటికొచ్చాక సుందరే పొడిచింది. "మీకేటైనా అయితే నానేటైపోవాల?" అంది. ఏడుపొచ్చింది. సూది అంత నొప్పేం పెట్టలేదు, అందుక్కాదు.

అన్నట్టు, ఇన్సులిన్ ఎలా వస్తుందని మందుల షాపు కుర్రాణ్ణి అడిగాను. "ఫ్లైట్‌లో వస్తది భయ్యా, బరఫ్ డబ్బాలో, ఐసు పెట్టి."

హమ్మయ్య! ఓడలో కాదు. శపథానికి భంగం లేదు.

రేపు ఉదయం నుంచి ఈ ఒంట్లోకి ఇన్సులిన్ తప్ప బయటి సరుకేదీ వెళ్లదు!