అంజలమ్మ స్మారక గోల్ఫ్

కోయంబత్తూరు

అవ్వకు అరవిందన్ నమస్కారాలు.

ఫోన్‌లో నీకు వినబడదు, ఇంకొకరికి వినబడకూడదు. అందుకే రాస్తున్నాను.

భయంగా ఉందవ్వా. క్లబ్బులో పెద్దవాళ్లకు గోల్ఫ్ నేర్పేవాణ్ణి నేను. ఆ నాకే, బంతి గుంటకు జానెడు దూరంలో ఉంటే చేయి వణుకుతోంది. దూరం కొట్టమంటే కొబ్బరితోపు దాటిస్తాను, జానెడు మాత్రం దాటించలేను. ఇది తెలిస్తే నా దగ్గర ఎవరు నేర్చుకుంటారు? ఆదివారం కొత్త ప్రెసిడెంటు వెంకటపతి సార్‌తో సభ్యులందరి ముందూ ఆడాలి. ఆ తర్వాతే నన్ను ఉంచాలో పంపాలో చెప్తారట. నిద్ర లేదు.

నీ మనవడు,
అరవిందన్

తా.క. నిన్న ఎవరూ లేనప్పుడు ప్రయత్నించాను. చూస్తున్నది ఒక్క నెమలి. దాని ముందూ వణికింది.

---

కినత్తుకడవు

చిరంజీవి అరవిందన్‌కు అవ్వ దీవెనలు.

మీ తాతకూ చేయి వణికేది, కానీ కారణం సీసాలో ఉండేది. నీది సీసా కాదంటే నమ్ముతాను, ప్రస్తుతానికి. నీ ఫొటోకు మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేశాను. ఇంట్లో అందరూ దగ్గారు. కాబట్టి దిష్టి కూడా కాదు.

అంత భయమైతే ఆడకు. మనవాళ్లలో తీట్టును మించిన సెలవు చీటీ ఉందా? ఇంట్లో చావు జరిగితే మైల, కరుమాది కర్మ అయ్యేదాకా వేడుకల్లో కాలు పెట్టకూడదు. వెంకటపతీ మనవాడే, వివరించనక్కర్లేదు. ఎవరో దూరపు బంధువు పోయారని చెప్పు.

నీ అవ్వ,
అంజలమ్మ

తా.క. కాస్త వయసైనవాళ్లను ఎంచుకో. నమ్ముతారు.

---

కోయంబత్తూరు

అవ్వా, ముందు క్షమాపణ, తర్వాత నమస్కారాలు.

ప్రెసిడెంటు గదికి వెళ్లి "సార్, ఇంట్లో తీట్టు" అన్నాను. "అయ్యయ్యో! ఎవురు తంబీ పోయింది?" అన్నారు. దూరపు బంధువులంతా ఒక్కసారిగా బుర్రలోంచి పారిపోయారు. "అవ్వ" అన్నాను.

ఆయన లేచి నన్ను కౌగిలించుకున్నారు. ఇక ఆట ఆగిపోతుందనుకున్నాను. "ఆపితే ఆ పెద్దమనిషికి మర్యాదా? ఆమె పేరు మీదనే ఆడదాం" అన్నారు. నా ఫోన్‌లోంచి నీ ఫొటో తీసుకున్నారు. సాయంత్రానికల్లా గేటు దగ్గర కన్నీటి అంజలి ఫ్లెక్సు లేచింది. ఇప్పుడు జనం రెండింతలు వస్తారు. పారిపోదామని గాంధీపురం బస్టాండు దాకా వెళ్లి, ధైర్యం లేక తిరిగొచ్చాను.

పాపిష్టి,
అరవిందన్

తా.క. ఫ్లెక్సులో నీ వయసు బాగా తగ్గించాను. దానికైనా మన్నించు.

---

కినత్తుకడవు

నన్ను చంపిన చిరంజీవికి అవ్వ దీవెనలు.

పొద్దున్నే ఎవరో తలుపు కొట్టారు. తీస్తే పక్కవీధి పొన్నమ్మాళ్, రోజాపూల మాలతో. ఆమె కొడుకు ఆ ఫ్లెక్సును ఫోన్‌లో పంపాడట. నన్ను చూసి కేక పెట్టి, మాల నా మీదే పడేసి పరుగెత్తింది. కాసేపటికి మెల్లగా తిరిగొచ్చి, దూరం నుంచే, "నిజం చెప్పు అంజలమ్మా, నీ కాళ్లు నేలకు ఆనతా ఉండాయా?" అంది. చీర కుచ్చెళ్లెత్తి చూపించాను.

ఇక నిజం చెప్పకు. నేను బతికానంటే నీ ఉద్యోగం చస్తుంది. వెళ్లి ఆడు. వణికితే వణుకు.

ఇంకా ఊపిరి తీస్తున్న
నీ అవ్వ

తా.క. మాల బాగుంది. తిరిగివ్వలేదు.

---

కోయంబత్తూరు

అవ్వకు, ఈ లోకంలోనే ఉన్నందుకు, ప్రత్యేక నమస్కారాలు.

ఆట అయిపోయింది. మొదటి గుంట దగ్గరే నా బంతి జానెడు దూరంలో ఆగింది. చేయి మొదలుపెట్టింది. అప్పుడు వెంకటపతి సార్ చెయ్యెత్తి "ఇచ్చేసినా తంబీ" అన్నారు. గోల్ఫ్‌లో ఎదుటివాడు అలా అంటే కొట్టకుండానే బంతి గుంటలో పడ్డట్టు లెక్క. "పోయినామెకు మర్యాదగా, ఈ దినం చిన్న దెబ్బలన్నీ ఇద్దరం ఇచ్చేసుకుందాం" అని అందరికీ చెప్పారు. ఆట ముగిసేదాకా ఒక్కటీ కొట్టనక్కర్లేకపోయింది. నా వణుకు చూసి ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు.

కానీ అవ్వా, ఆయన నీ కరుమాదికి ఇంటికి వస్తున్నారు! నా ఉద్యోగం సంగతి అక్కడే చెప్తారట. నేను రాలేను. ఇప్పుడు కాళ్లూ వణుకుతున్నాయి. నీకు దండం పెడతాను, ఆ ఒక్క పూట లేకుండా ఉండు.

అరవిందన్

తా.క. ఆయనకు వంకాయ పడదట.

---

కినత్తుకడవు

చిరంజీవి అరవిందన్‌కు, తన కరుమాది భోజనం తానే వడ్డించిన అవ్వ దీవెనలు.

చచ్చినదాని చెల్లెల్నని చెబుదామని గుమ్మంలో నిలబడ్డాను. నాకు చెల్లెలు లేదు. ఆ పూటకు పుట్టించాను. వెంకటపతి ఒంటరిగా కారు దిగి, నేరుగా నా కాళ్లకు మొక్కి, "బాగుండారా అవ్వా?" అన్నాడు. నా గుండె ఆగినంత పనైంది. ఆగి ఉంటే ఫ్లెక్సు దండగ కాకపోయేది.

"నీకెట్ల తెలుసు నాయనా?"

"అవ్వ పోయిందన్నోడు ఊరికి బస్సెక్కకుండా, ఆ మధ్యాహ్నమే మైదానంలో బంతి కొడతా ఉన్నాడు. మనోళ్లలో ఎవడన్నా అట్ల చేస్తాడా అవ్వా?"

"మరి తెలిసీ నన్నెందుకు గేటుకు కట్టినావు?"

వీధి వైపు చూసి గొంతు తగ్గించి ఏదో చెప్పాడు. వినబడలేదన్నాను. ఇంకోసారి చెప్పాడు. అదీ వినబడలేదన్నాను.

"నాకూ చెయ్యి వణకతాది అవ్వా!" అని అరిచాడు. వీధంతా విన్నది. "జానెడు దూరం వస్తే చాలు. ప్రెసిడెంటుని, ఎవురితో చెప్పుకునేది? తంబి తీట్టు అనంగానే నాకు దోవ కనబడె."

నీ ఉద్యోగం ఖాయం. ఏటేటా నా పేరున ఆ ఆట జరగాలట, చిన్న దెబ్బలు ఇచ్చేసుకోవాలట. అంటే క్లబ్బు వరకు నేను పోయినట్టే.

ఆయన వెళ్లాక ఎంగిలాకు తీస్తూ ఉంటే, అసలు కరుమాది రోజున ఈ ఆకు ఎవరు తీస్తారో అనిపించింది. చేయి వణికింది నాయనా. నీ భయం ఎట్లాంటిదో అప్పుడు తెలిసింది.

నీ అవ్వ,
స్వర్గీయ అంజలమ్మ

తా.క. వచ్చే ఏడు నా వర్ధంతి ఆటకు వస్తాను. ముందు వరుసలో కుర్చీ వేయించు. ఎవరైనా ఏడవకపోతే ఎవరో గుర్తుపెట్టుకోవాలి.