భయపడేది మా ఆవిడే

పిన్నికి నీ అక్క కొడుకు నమస్కారాలు పెట్టి రాసేది.

నువ్వు పంపిన పేపరు ముక్క అందింది. మీ దీవి నగరపాలక ఆఫీసులో పెయింటర్ ఉద్యోగం ఖాళీ అని చదివి, కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివాను. ఇక్కడ నా పని అయిపోయింది పిన్నీ. బోర్డులన్నీ మెషిన్లో అచ్చేసి తగిలిస్తున్నారు. నాలుగు నెలలుగా కుంచె తడవలేదు. పొద్దున్నే షాపు తెరిచి కూర్చుంటే ఏడుపొస్తోంది. ఈ ఉద్యోగం రాకపోతే షాపుకి తాళం వెయ్యడమే. దరఖాస్తుకి నెలాఖరు గడువట.

ఒక్కటే సందేహం. మీ ఊరికి తుఫాన్లు ఎక్కువంటారు. నాకేం భయం లేదు. మీ కోడలే హడలిపోతోంది. ఆవిడ కోసం అడుగుతున్నాను, గాలి ఏ మాత్రం ఉంటుంది?

నీ జవాబు కోసం గుమ్మంలోనే కూర్చున్న,
నీ పెయింటర్ కొడుకు

తా.క. ఆవిడకి వారం రోజులుగా నిద్ర లేదు. పక్కనే మేలుకుని చూస్తున్నాను కాబట్టి కచ్చితంగా చెప్పగలను.

*

ఒరే నాన్నా,

కోడలికి ధైర్యం చెప్పు. తుఫాన్లు ఏడాదికి నాలుగే, వాటిలో పెద్దది ఒక్కటే. ఫోన్ తీగలు తెగి ఆరు నెలలైంది, దానివల్ల ఊరు ఎంత ప్రశాంతంగా ఉందో! పోయినసారి గాలికి మా పెరట్లోకి ఒక సోఫా వచ్చి పడింది. మంచి సోఫా. దానిమీద కూర్చునే ఇది రాస్తున్నాను. మా వంటింటి తలుపేమో మూడు వీధుల అవతల పళ్ళ డాక్టరు గారింట్లో దొరికింది.

ఇలా కలగాపులగం అవుతుందనే ఇక్కడ ప్రతి వస్తువు అడుగునా యజమాని పేరూ డోర్ నంబరూ పెయింటుతో రాయించాలని రూలు. ఆ రాసేవాడి ఉద్యోగమే ఇది. గాలి ఉన్నన్నాళ్ళూ నీకు పని ఉంటుంది.

మీ ఇద్దరి ఎత్తూ, భుజాల వెడల్పూ వెంటనే పంపు. వడ్రంగికి చెప్పి ఉంచాను. ముందే చేయించుకోకపోతే అవసరానికి దొరకవు.

రేవులో నా డ్యూటీలో పడవ టికెట్లు చించుతూ మీకోసం ఎదురుచూసే,
పిన్ని

తా.క. వాటిమీద మీ పేర్లు రాయించే బాధ్యత నాది. పుట్టిన తేదీలు కూడా వేస్తారు.

*

పిన్నీ, నమస్కారం. కూర్చునే చదువు.

కొలతలడిగి, వడ్రంగికి చెప్పి, పేర్లూ తేదీలూ వేయిస్తానంటే మీ కోడలు ఏమనుకోవాలి? ఉత్తరం వినగానే ఆవిడ చేతులు గడగడా వణికాయి. అందుకే నా అక్షరాలు ఇలా వంకరగా వస్తున్నాయి. ఆ చెక్క వస్తువు పేరు రాయడానికి నాకు నోరు రావడం లేదు. మాకు మాత్రం అవి వద్దు. ఇంత తొందరగా అసలే వద్దు.

ఇంకా బతకాలనుకుంటున్న,
నీ కొడుకు

తా.క. ఆ సోఫా వచ్చినప్పుడు అందులో ఎవరూ కూర్చుని లేరు కదా?

*

ఓరి నా తండ్రీ,

వద్దంటావేమిటి? ఇక్కడ అవి లేని మనిషి లేడు. ఇరుకని భయమా? మొగుడూ పెళ్ళాలు కదా అని ఇద్దరికీ కలిపి ఒక్కటే చెప్పాను. విడివిడిగా కావాలంటే అలాగే కానీ. చుట్టుపక్కల అందరూ మంచివాళ్ళే. పైన పళ్ళ డాక్టరు గారు, కింద నేను. లోపల గాలీ వెలుతురూ అంతగా ఉండవు గానీ ఇంతవరకూ ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు. పోయినసారి డాక్టరు గారు ఎక్కి పడుకున్నవారు మూడు రోజులు కదల్లేదు. అంత హాయి!

గడువు దగ్గరపడుతోంది. దరఖాస్తు పంపావా లేదా?

మీ కిందే చోటు చూసుకున్న,
పిన్ని

తా.క. కొలతలు రాలేదని మీ పెళ్ళి ఫోటో చూసి అందాజుగా చెప్పేశాను. అప్పుడు సన్నగా ఉన్నావు. సర్దుకుపో.

*

పిన్నికి ఆఖరి నమస్కారం. ఆఖరిదంటే ఈ విషయంలో.

మేం రావడం లేదు. షాపు మూసుకుంటాను గానీ శవపెట్టెలో మూయించుకోను. దరఖాస్తు పంపలేదు. ఈ ఉత్తరం చేరేసరికి గడువు కూడా దాటిపోతుంది. ఇక కుంచె పట్టే రాత లేదేమోనని గుండె పిండేసినట్టుంది పిన్నీ. నాదేముంది, ఆవిడ ఊఁ అంటే ఈ క్షణమే పడవెక్కుతాను. ఆవిడ భయమే నా కాళ్ళకి అడ్డం పడుతోంది.

నీ దురదృష్టపు కొడుకు

తా.క. ఇది ఆవిడకి చూపించలేదు. పాపం, తట్టుకోలేదు.

*

పిచ్చి సన్నాసీ,

శవపెట్టెలేమిట్రా, నీ మొహం! అవి పడుకునే బల్లలు. తుఫాను రోజుల్లో ఊరంతా వెళ్ళి తలదాచుకునే రాతి గదిలో గోడకి బిగిస్తారు. ఒకరి కాళ్ళు ఇంకొకరి మొహానికి తగలకుండా కొలిచి చేస్తారు. తేదీ వేసేది, పెద్దవాళ్ళకి కింది వరస ఇవ్వడానికి.

ఇక అసలు సంగతి. నీ ఉత్తరం నిన్న వచ్చింది. కోడలిది మొన్ననే వచ్చింది. నువ్వు నాకు మొదటి ఉత్తరం రాసిన వారంలోనే ఆవిడ ఆఫీసుకి తన పేరు మీద దరఖాస్తు పెట్టిందట. "ఖాళీ షాపులో ఆయన్ని అలా చూడలేకపోతున్నాను అత్తయ్యా. ఆయన తేల్చుకునేలోపు గడువు దాటిపోతుంది. పెళ్ళైనప్పట్నించీ ఆయన హద్దులు గీస్తే రంగులు నింపుతున్నది నేనే, నాకు రాదా?" అని రాసింది. చదివి నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. ఉద్యోగం ఆవిడకే ఇచ్చారు. సోమవారం చేరాలి. చెయ్యి తిరిగిన సహాయకుణ్ణి వెంట తెచ్చుకోవచ్చన్నారట.

ఆవిడ ఊఁ అంటే ఈ క్షణమే పడవెక్కుతానన్నావు. ఆవిడ ఊఁ అంది. ఎక్కు.

రేవులోనే నిలబడి ఉండే,
పిన్ని

తా.క. "తుఫానంటే భయం లేదా?" అని ఆఫీసువాళ్ళు ఆవిణ్ణి రాతపూర్వకంగా అడిగారట. "పదిహేనేళ్ళుగా మా ఆయన భయాలన్నీ నా పేరు మీదే నడుస్తున్నాయండి, గాలి నాకో లెక్కా?" అని జవాబిచ్చిందట. ఆ కాగితం చూసే ఇంకెవర్నీ పిలవలేదన్నారు.