వడ్డీ తీరిన ఇల్లు

తిరుపతి,
శుక్రవారం

ఏమండీ, మీకు సలాం.

మీ తమ్ముడి స్నేహితుడు అష్ఫాక్ రేపు కువైట్ బయలుదేరుతున్నాడు. ఊరగాయ డబ్బాతో పాటు ఈ ఉత్తరం కూడా అతని చేతికే ఇస్తున్నాను. ఫోన్ ఉండగా ఉత్తరమేమిటి అంటారు. ఫోన్ చేస్తే మీ గదిలో ఎప్పుడూ నలుగురు ఉంటారు, మీరు "ఊఁ, ఆఁ" తప్ప ఏమీ అనరు. ఊఁ ఆఁలతో ఎన్నేళ్లని కాపురం చేయను? మాట్లాడేది ఉర్దూ అయినా మనిద్దరం బడిలో నేర్చింది తెలుగు రాతే కదా, నింపాదిగా చదువుకోండి.

మన ఇంటి అప్పు తీరిపోయింది. ఇప్పుడు కాదు, పోయిన బక్రీదుకు ముందే తీరిపోయిందట!

పక్కింటి హరినాథ్ గారి అల్లుడు అదే బ్యాంకులో కొత్తగా ఇంటి అప్పు తీసుకున్నాడు. అతనికి వేసిన వడ్డీ చూసి హరినాథ్ గారికి అనుమానం వచ్చింది. రేట్లు పెరిగినప్పుడు మనకూ పెంచారు. తగ్గినప్పుడు మాత్రం పాతవాళ్లకు తగ్గించకుండా ఊరుకున్నారు. నెల కంతు మారలేదు కాబట్టి ఎవరికీ తెలియలేదు. కట్టాల్సిన కాలం మాత్రం సాగుతూ పోయింది. మన వీధిలో అందరిదీ ఇదే కథ. కలిసి ఫిర్యాదు చేశాం. బ్యాంకువాళ్లు మొదట మాట దాటేశారు, బ్యాంకుల మీద ఫిర్యాదులు చూసే పైఅధికారి విచారణకు పిలిచాక దారికొచ్చారు. సరైన వడ్డీతో లెక్కేస్తే మన అప్పు ఎప్పుడో తీరిపోయిందని తేలింది.

విచారణలో ఒక్కొక్కరినీ అడిగారు, దీనివల్ల మీకు జరిగిన నష్టం ఏమిటని. ఒకరు కూతురి చదువు ఆగిందన్నారు, ఒకరు బంగారం అమ్ముకున్నామన్నారు. నా వంతు వచ్చేసరికి చేతిలోని కాగితాలు తిరగేస్తూ నిలబడ్డాను. "సెప్పమ్మా, సిగ్గు పడేదానికి ఏముండాది? జరిగిందే సెప్పు" అన్నారు హరినాథ్ గారు.

ఏం చెప్పను? వడ్డీ మన మతంలో పాపమని, వడ్డీకి తెచ్చిన డబ్బుతో కట్టిన ఈ ఇంటి గడప మామగారు తొక్కలేదు. ఆయన పోయేముందు మీరు ఆయన చేతిలో చెయ్యి వేసి, ఆఖరి వడ్డీ కట్టేదాకా నేనూ లోపల అడుగు పెట్టనని మాటిచ్చారు. కంతూ అద్దే రెండూ కట్టలేం కాబట్టి నన్ను మాత్రం ఇందులోకి పంపారు. ఆడదానికి వడ్డీ అంటదు కాబోలు! సెలవు మీద వస్తే మీరు ఉండేది పూతలపట్టులో మీ అమ్మ ఇంట్లోనే. అక్కడ నేను ఆడవాళ్లతో లోపల, మీరు తమ్ముళ్లతో మిద్దె మీద. పిల్లలెందుకు లేరని మీ అమ్మ మళ్లీ నన్నే అడుగుతుంది. పోయిన బక్రీదుకు నన్ను ఇక్కడ దింపి, గేటు బయటే, బండి మీద నుంచి దిగకుండా నీళ్లు తాగారు. గ్లాసు నా చేతికిస్తూ "ఇంకొన్నాళ్లే" అన్నారు. ఆ రోజుకే మన అప్పు తీరిపోయి ఉందండీ! మీరు నిక్షేపంగా లోపలికి రావచ్చు. మీ సెలవు నెలంతా మనదై ఉండేది. దాన్ని ఎవరు తెచ్చిస్తారు? పరాయి మగాళ్ల ముందు ఇది నష్టమని ఎలా చెప్పను? కొత్త కుట్టుమిషను కొనుక్కోలేకపోయానని చెప్పి కూర్చున్నాను. ఇంటికొచ్చి బాగా ఏడ్చాను.

ఇక ఏ అడ్డూ లేదు. ఎక్కువ తీసుకున్నదంతా తిరిగిచ్చేస్తామని బ్యాంకు ఒప్పుకుంది. సెలవు పెట్టి రండి. నేరుగా ఇక్కడికే రండి.

మీరు వస్తారని ఇల్లు సర్దుతున్న,
ఉమ్మే సల్మా


తిరుపతి,
ఆదివారం

ఏమండీ,

రెండు నెలల కిందట, ఉత్తరం అందిందని మీరు ఫోన్ చేసినప్పుడు, సంతోషంతో మీ గొంతు మారుతుందేమోనని ఆశగా విన్నాను. మీరేమన్నారు? బ్యాంకు తిరిగి ఇచ్చే మన డబ్బు మీద వాళ్లు పరిహారమని వడ్డీ కలుపుతారు కదా, అది ఇంట్లో ఉండకూడదు, ముందు దాన్ని వదిలించు, ఆ తర్వాత చూద్దాం అన్నారు.

వదిలించాను. డబ్బు రాగానే ఆ భాగం విడిగా తీసి ఉర్దూ బడిలో మరుగుదొడ్లకు ఇచ్చేశాను. పుణ్యం ఆశించకుండా మనవాళ్లు అలాంటి డబ్బు దానికే కదా ఇస్తారు. ఇచ్చిన వెంటనే మీకు ఫోన్ చేశాను. "మంచి పని చేశావు. రంజాన్ అయ్యాక చూద్దాం" అన్నారు.

మనం కట్టిన వడ్డీ అడ్డు తొలగింది. మనకొచ్చిన వడ్డీ అడ్డూ తొలగింది. ఇప్పుడు ఇంకా నెలరోజులున్న రంజాన్ అడ్డం వచ్చింది. మీకు రావాలనే లేదు. ఇది అబద్ధమైతే చెప్పండి, మీ కాళ్లు పట్టుకుంటాను.

సాయంత్రం కుట్టుమిషను ఆపేస్తే ఈ ఇంట్లో ఇంక ఏ చప్పుడూ ఉండదు. ఒక్కదానికోసం పొయ్యి వెలిగించబుద్ధి కాదు. టీవీ పెట్టుకుని, అందులో వాళ్లు అడిగిన దానికి నేను జవాబు చెబుతుంటాను. నవ్వుకుంటారేమో, నవ్వుకోండి.

బ్యాంకు మన దగ్గర తీసుకున్నది తిరిగి ఇచ్చింది. పొరపాటైందని సంతకం పెట్టి కాగితం కూడా ఇచ్చింది. మీరు ఆ ముక్క నోటిమాటగా కూడా అనలేదు.

రేపు చిత్తూరు వెళ్లిపోతున్నాను, మా అక్క షబ్రీన్ దగ్గరికి. తాళం చెవి హరినాథ్ గారి భార్య చంద్రకాంతమ్మకు ఇచ్చాను. ఇల్లు అమ్ముకుంటారో అద్దెకిస్తారో మీ ఇష్టం. కాపలా ఉండటానికి నేను నిఖా చేసుకోలేదు. ఫోన్ చేయకండి, తీయను. ఈసారి ఉత్తరం తీసుకెళ్లేవాళ్లు ఎవరూ లేరు, ఫోటో తీసి పంపుతున్నాను.

ఉమ్మే సల్మా


తిరుపతి,
మన గేటు బయట

సల్మా,

నువ్వు ఫోన్ తీయడం లేదు కాబట్టి నేనూ కాగితం మీద రాసి, ఫోటో తీసి షబ్రీన్ వదిన ఫోన్‌కు పంపిస్తున్నాను. పొద్దున చెన్నైలో దిగి నేరుగా ఇక్కడికే వచ్చాను. నేను వచ్చినట్టు పూతలపట్టులో ఎవరికీ తెలియదు.

గేటు తీయబోతుంటే చంద్రకాంతమ్మ కేకేసింది. "ఎవురప్పా నువ్వు? ఎవురు కావల్ల?"

"ఈ ఇల్లు నాదేనమ్మా."

"నీదా? ఇది సల్మాది. ఇన్నేండ్లలో నిన్ను ఒక్కనాడన్నా ఈడ సూసిన పాపాన పోలేదే!"

"సల్మా మొగుణ్ణి."

"మొగుడుంటే ఆయమ్మ ఒంటిగా ఎందుకుండాది? ఆయమ్మ సెప్పకుండా తాళం ఇచ్చేది లేదు."

ఆధార్ తీసి చూపించాను. అందులో అడ్రసు పూతలపట్టుది. ఆమె చూసి నా చేతికిచ్చేసింది. మధ్యాహ్నం సంగటి పళ్లెం తెచ్చి పెట్టింది కానీ తాళం మాత్రం ఇవ్వలేదు. గేటు బయటే నా పెట్టె మీద కూర్చుని తిన్నాను.

నువ్వు రాసింది సగం అబద్ధం. రావాలని లేక కాదు. అప్పు తీరిందని చదవగానే నాకు భయమేసింది సల్మా. అబ్బాకిచ్చిన మాట పేరు చెప్పి ఇన్నేళ్లు దూరంగా ఉన్నవాణ్ణి, లోపలికొచ్చి నీ ఎదురుగా కూర్చుంటే ఏం మాట్లాడాలో నాకు తెలియదు. ఇప్పటికీ తెలియదు.

ఇప్పుడే దీపాల వేళయింది. వీధిలో అన్ని ఇళ్లలో లైట్లు వేశారు, మన ఇల్లొక్కటే చీకటిగా ఉంది. అన్ని ఇళ్లలోంచీ మాటలు వినిపిస్తున్నాయి. నీకు రోజూ ఇలాగే ఉండేదా?

తాళం ఇవ్వమని ఆమెకు ఫోన్ చేయొద్దు. నువ్వే వచ్చి తియ్యి, నీ వెనక నేను వస్తాను. అక్కడి పని మానేసి వచ్చాను, ఎన్నాళ్లయినా ఇక్కడే ఉంటాను. చంద్రకాంతమ్మ మళ్లీ గేటు దగ్గరికొచ్చి, నీకు నేను నిజంగా ఏమవుతానని అడుగుతోంది. ఏం చెప్పమంటావు?

నవాబ్