పొద్దున పూట వెలగని స్టవ్

అమ్మకు,

నీ కూతురు నమస్కరించి రాస్తున్నది. నేను బాగున్నాను, వేళకు తింటున్నాను, దగ్గు పూర్తిగా పోయింది. నువ్వు కులాసాగా ఉన్నావని, అమ్మమ్మ మోకాళ్ల నొప్పి కాస్త నయమని నీ జాబు వల్ల తెలిసి మనసు తేలికపడింది.

"ఇకమీదట నీ ఉత్తరాలు నేనే చదువుకుంటా, టైలర్ తమ్ముడు చదవక్కర్లేదు" అన్న మాటను టైలర్ మామయ్య చేతే రాయించావు చూడు, నవ్వాపుకోలేకపోయాను. ఆయన ఊరుకున్నాడా? కింద తన సొంతంగా "మీ అమ్మకి ఇంకా ఒత్తులు రావు" అని చేర్చాడు. రాకపోతే ఏం, వస్తాయి. సాయంత్రం బడికి వెళ్లడం మొదలుపెట్టి ఐదు నెలలేగా! అందుకే ఈసారి అక్షరాలు లావుగా రాసి, మాటకూ మాటకూ మధ్య వేలెడు చోటు వదిలాను. ఒత్తు దగ్గర ఆగు. తొందరేమీ లేదు.

ముందు నీ స్టవ్ సంగతి. నాబ్ తిప్పితే ముసలాయన మెట్లెక్కుతున్నట్టు "టిక్కు... టిక్కు..." అని ఆగి ఆగి కొడుతోందని, మంట రాక అగ్గిపెట్టెతో వెలిగిస్తున్నానని రాయించావు. అమ్మా, ఆ ఒక్క మాటతో జబ్బు దొరికిపోయింది. ఒంట్లో బాగున్న స్టవ్ టకటకా కొడుతుంది. ఆగి ఆగి కొట్టిందంటే బ్యాటరీ నీరసపడిందన్నమాట. సిలిండర్ దగ్గర రెగ్యులేటర్ కట్టేసి, స్టవ్ ముందు అంచు కింద చెయ్యి పెట్టి తడుము, చిన్న మూత తగులుతుంది. లోపల బ్యాటరీ ఏ తల ఎటు ఉందో చూసుకుని, కొత్తది కూడా అలాగే పెట్టు. అప్పటికీ నాలుగు దెబ్బలకు వెలక్కపోతే నాబ్ కట్టేసి కాసేపు ఆగు, ఎందుకంటే అది కొడుతున్నంతసేపూ గ్యాస్ వస్తూనే ఉంటుంది. ఎప్పుడైనా ముక్కుకు వాసన తగిలితే మాత్రం లైటు స్విచ్చి కూడా ముట్టుకోకుండా రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు తెరిచి, అమ్మమ్మను తీసుకుని బయటికి వచ్చెయ్.

కుర్చీలో కూర్చునే పిల్లకు ఇవన్నీ ఎలా తెలుసని అనుకుంటున్నావు కదూ?

నీ తల మీద ఫ్యాను తిరుగుతోందా, నీ బల్ల మీద పేరు రాసిన పలక ఉందా అని అడిగావు. నాలుగు నెలల క్రితం వరకూ ఫ్యానూ ఉంది, బల్లా ఉంది. పొద్దుటి నుంచి మా స్టవ్ కంపెనీకి వచ్చే ఫోన్లెత్తి "నమస్కారమండీ, మీ స్టవ్‌కి ఏమైంది?" అని అడగడమే పని. వాళ్లు చెబుతుంటే లోపల ఏ భాగం పాడైందో నాకు తెలిసిపోయేది. కాగితం మీద మాత్రం "వెలగడం లేదు" అన్న ముక్క ఒక్కటే రాయాలి. మూడేళ్లు డిప్లొమా చదివింది ఆ ముక్క రాయడానికేనా అనిపించేది. ఇంతలో రిపేరు విభాగంలో ఒక ఖాళీ పడింది. నేనే వెళ్లి అడిగాను. సూపర్‌వైజర్ నన్ను కిందికీ మీదికీ చూసి, "ఆరు నెలలు చూస్తాను. తేడా వస్తే మళ్లీ ఫోను దగ్గరికే" అన్నాడు.

అమ్మా, నేనిప్పుడు స్టవ్ మెకానిక్‌ని. భుజానికి సంచీ, గోళ్లలో మసి. "మసి చేతుల బతుకు నాతోనే ఆఖరు" అని నువ్వు ఎన్నిసార్లు అన్నావో గుర్తుంది. ఆ మాట గుర్తున్నందుకే, ఈ కబురు టైలర్ మామయ్య గొంతులో వీధి వీధంతా వినడం ఇష్టం లేకనే ఇన్నాళ్లూ దాచాను. కోపం వస్తే రానీ గానీ, ఉత్తరం మాత్రం చివరిదాకా చదువు.

మా ఫిర్యాదుల జాబితాలో ఒక మొండి ఇల్లుంది. రిటైరైన నర్సుగారిది. ఆవిడ స్టవ్ పొద్దున్న వెలగదు, మా వాళ్లు మధ్యాహ్నం వెళితే నిక్షేపంగా వెలుగుతుంది! మా సీనియర్ మెకానిక్‌ను అందరూ "పోనీలే బాబాయ్" అంటారు, ఏం జరిగినా పోనీలే అంటాడు కాబట్టి. ఆయన రెండుసార్లు వెళ్లి, నిప్పురవ్వ పుట్టించే పెట్టె ఒకసారి, లోపలి తీగలు ఒకసారి మార్చి వచ్చాడు. మూడోసారి ఫిర్యాదు వచ్చాక సూపర్‌వైజర్ ఆ కాగితం నా చేతికిచ్చి, "ఇదే నీ పరీక్ష. ఆవిడ నుంచి మళ్లీ ఫోనొస్తే, ఆ ఫోనెత్తేది నువ్వే" అన్నాడు.

బాబాయ్ నన్ను పక్కకు పిలిచాడు. "ఆవిడకు తోచక పిలుస్తోంది అమ్మడూ. వెళ్లి నాలుగు కబుర్లు చెప్పి రా, పోనీలే."

"పొద్దున్న చెడితే మనం మధ్యాహ్నం ఎందుకు వెళుతున్నాం బాబాయ్?" అన్నాను.

ఆయన ఈసారి పోనీలే అనలేదు.

మర్నాడు ఆరింటికల్లా ఆవిడ తలుపు కొట్టాను. తెల్లటి చీర, బిగించి కట్టిన ముడి, చేతిలో నాప్కిన్.

"ఈసారి ఆడపిల్లను పంపారా! మగాళ్లంతా అయిపోయారా?"

"ఉన్నారండీ, ఇంకా నిద్ర లేవలేదు."

ఆవిడ పెదవి కాస్త వంగింది, నవ్వనుకుంటాను. "మీరు రోజూ ఎలా చేస్తారో అలాగే చెయ్యండి. నేనిక్కడ లేననుకోండి" అన్నాను.

"లేవనుకుంటే టీ ఒక్క కప్పే పెడతాను మరి."

ముందుగా నాలుగు బర్నర్లూ మూతలతో సహా ఊడదీసి, సింకులో వేడినీళ్లతో తోమింది. "ముప్పై ఏళ్లు ఆపరేషన్ థియేటర్లో పనిచేశాను. మొదలుపెట్టే ముందు సామాను కడక్కపోతే నాకు చేతులాడవు" అంది. రెండుసార్లు విదిలించింది, యథాస్థానంలో పెట్టింది, పైన అద్దంలా తుడిచింది. నాబ్ తిప్పింది. టకటకటక. మంట లేదు.

"చూశావా? చూశావా? నేను అబద్ధమాడుతున్నానా?" ఆవిడ మొహంలో గెలిచిన వెలుగు.

నా సంచీలో కొత్త విడిభాగాలున్నాయి. పుస్తకం ప్రకారమైతే ఇక మార్చవలసినది పింగాణీ పుల్ల, రవ్వ దాని కొసనుంచే దూకుతుంది. స్క్రూడ్రైవర్ చేతిలోకి తీసుకున్నాను కూడా. ఎందుకో ఒక్క క్షణం ఆగి, బర్నర్ మూత ఎత్తి, దాని లోపలి అంచు చుట్టూ చూపుడు వేలు తిప్పాను.

గుర్తొచ్చిందా అమ్మా? క్యాంటీన్‌లో కడిగిన ప్రతి గిన్నెనూ నువ్వు తిరగేసి, అంచు కింద వేలు తిప్పి చూసేదానివి. వేలికి తడి తగిలితే మళ్లీ బోర్లించేదానివి. సెలవుల్లో నీ పక్కన పీట వేసుకుని లెక్కలు చేసుకుంటూ నేను చూసింది అదే.

వేలు తడిసింది. పైన అద్దం, లోపల నీళ్లు. పింగాణీ పుల్ల మొదట్లో కూడా ఒక చుక్క నిలిచి ఉంది. రవ్వకు తడి దొరికితే చాలు, గ్యాస్ మీదికి దూకకుండా ఆ తడి వెంటే పక్కకు జారుకుంటుంది. మధ్యాహ్నానికి అన్నీ ఆరిపోయేవి, మా వాళ్లు వచ్చి ఏమీ లేదని వెళ్లేవాళ్లు. పొడి గుడ్డతో నాలుగూ లోపలిదాకా తుడిచి, గ్యాస్ రంధ్రాల్లో నీళ్లు లేకుండా చూసి, మూతలు వంకర లేకుండా కూర్చోబెట్టాను.

"ఇప్పుడు మీరే తిప్పండి."

రెండో టిక్కుకే బుస్సుమని నీలిమంట లేచింది. నాలుగూ అంతే. ఆవిడ మంటల వంక చూసి, "అయితే నా శుభ్రమే నా కొంప ముంచిందన్నమాట" అంది.

"శుభ్రం కాదండీ, తొందర. భోజనాలయ్యాక కడిగి బోర్లించండి. పొద్దుటికి ఆరతాయి."

రెండు కప్పుల టీ పెట్టింది. "ఇలా వేలు పెట్టి చూడటం ఏ కాలేజీలో నేర్పారమ్మా?" అని అడిగింది.

ఇక్కడ నీకు ఇంకొకటి చెప్పాలి. ఈ జాబులో రాయడానికి చెయ్యి రానిది ఇదే. కాలేజీలో నా స్నేహితురాళ్లకు "మా అమ్మ క్యాంటీన్ నడుపుతుంది" అని చెప్పాను. నువ్వు హాస్టల్‌కి వచ్చిన రోజున, లోపలికి రానివ్వరని గేటు దగ్గరే మాట్లాడి పంపించేశాను. వార్డెన్ ఏమీ అనలేదమ్మా. సబ్బునీళ్లకు పగిలిన నీ చేతులు వాళ్లు చూస్తారని నేనే అబద్ధమాడాను. నువ్వు గేటు బయట నిలబడి నా జడ సరిచేసి వెళ్లావు. నాలుగేళ్లుగా అది నన్ను తింటోంది.

నర్సుగారితో ఉన్నదున్నట్టు చెప్పాను. "కాలేజీలో కాదండీ. మా అమ్మ నేర్పింది. క్యాంటీన్‌లో గిన్నెలు తోముతుంది" అన్నాను. తల దించుకోలేదు.

ఆవిడ కప్పు కింద పెట్టి, "అలాంటి మనిషి మా థియేటర్లో ఉండాల్సింది" అంది. ముప్పై ఏళ్ల నర్సు అన్న మాట ఇది. రెండోసారి కూడా చదువుకో.

ఇది జరిగి ఇప్పటికి ఇరవై రోజులు. ఆవిడ నుంచి ఫోను రాలేదు. నిన్న సూపర్‌వైజర్ ఆరు నెలలు నిండకుండానే ఉద్యోగం ఖాయమని కాగితమిచ్చాడు. బాబాయ్ ఇప్పుడు ఏ స్టవ్ దగ్గరికెళ్లినా ముందు వేలు పెట్టి చూస్తున్నాడట! నువ్వడిగిన పేరు పలక బల్ల మీద లేదు గానీ చొక్కా జేబు మీద కుట్టి ఉంది. పేరు కింద ఏముందో పెద్దగా రాస్తున్నాను, నిదానంగా చదువు:

స్ట వ్  మె కా ని క్

నా గురించి నువ్వు క్యాంటీన్‌లో అందరికీ కుర్చీ ఉద్యోగమని చెప్పావు, నీ గురించి నేను ఇంకొకటి చెప్పాను. నాది నేను దిద్దుకున్నాను. ఈసారి నేను వచ్చినప్పుడు గేటు బయట కాదు, మీ క్యాంటీన్‌లో నీ పక్కనే పీట వేసుకుని కూర్చుంటాను.

బ్యాటరీ మార్చాక టైలర్ మామయ్యను పిలిచి, అగ్గిపెట్టె ముట్టుకోకుండా టీ పెట్టివ్వు. ఎవరు బాగుచేశారని అడక్కుండా ఉండడు. "మా అమ్మాయి మెకానిక్. అది చెప్పింది, నేను చదువుకుని చేశాను" అను. ఇంకేమీ కలపక్కర్లేదు.

ఇట్లు,
నీ దగ్గరే పని నేర్చుకున్న
నీ కూతురు