రాని పిల్లకు వేసిన హాజరు

మండల విద్యాశాఖాధికారి గారికి,

అయ్యా,

విషయం: నాలుగో తరగతి విద్యార్థిని షేక్ షమా పేరును మా బడి నుండి తక్షణమే తొలగించుట గురించి, ఇన్నాళ్లూ తొలగించని నా తప్పు గురించి.

వినుకొండ దగ్గర ప్రాథమిక పాఠశాల ప్రధానోపాధ్యాయుడు కె. ప్రసన్నకుమార్ విన్నవించుకొనునది ఏమనగా:

1. మా పట్టికలో విద్యార్థులు ఇరవై మంది. బాలికలు పదకొండు, బాలురు తొమ్మిది. వీరిలో మైనారిటీలు ఆరుగురు. తమకు పంపిన ఈ లెక్కలో ఒక బాలిక, ఒక మైనారిటీ అబద్ధము. ఆ ఇద్దరూ ఒక్క పిల్లే, షమా.

2. షమా తల్లి రసూల్‌బీ నిరుడు నవంబరులో చిలకలూరిపేట జిన్నింగు మిల్లుకు కూలికి పోతూ పిల్లను వెంట తీసుకుపోయినది. ఇరవైకి ఒకరు తగ్గినా రెండో టీచరు పోస్టు ఎత్తివేస్తారని భయపడి పేరు తీయలేదు. రోజూ హాజరు వేసితిని. నమ్మకం కుదరడానికి రెండు రోజులు జ్వరమని కూడా వ్రాసితిని. లెక్కల్లో 'ఎ' గ్రేడు ఇచ్చి పైతరగతికి పంపితిని. ప్రస్తుతం మా బడిలో అత్యధిక హాజరు ఆమెదే.

3. కిందటి వారం తల్లి ఆమెను పేటలో బడికి తీసుకువెళ్లగా, అక్కడివారు కంప్యూటరు చూసి, పిల్ల రోజూ వేరే బడికి వెళ్తోంది గనుక చేర్చుకోవడం కుదరదన్నారు. మొన్న సోమవారం ఇద్దరూ మా బడికి వచ్చారు. కేకలు వేస్తుందనుకున్నాను. రసూల్‌బీ గుమ్మంలోనే నిలబడి, "సార్, మా షమా రోజూ మీ కాడికొచ్చి చదువుకుంటందంటగా. మరి మిల్లులో నా పక్కన కూర్చుని పత్తిలో చెత్త ఏరేది ఎవరండీ?" అని అడిగింది.

4. తోటి టీచరు దేవకుమారి గారు, "పోస్టు పోతే పోయింది, ముందు పిల్లను వదలండి సార్" అన్నారు. పోయేది ఆవిడ పోస్టే. ఆవిడ అనేదాకా నాకు బుద్ధి రాలేదు. పందొమ్మిది మంది కోసం చేశానని తమతో చెప్పుకోవచ్చు. కానీ ఆ ఇరవయ్యో పిల్ల కూడా నా పిల్లే కదండీ. సిగ్గుగా ఉంది.

నా లాగిన్‌లో పేరు వదలడం లేదు. కావున తమ కార్యాలయం నుండి ఆ పేరు విడిపించి, ఈ వారమే పిల్లను పేట బడిలో చేర్పించగలరనియు, నాపై చర్య ఆ తరువాత తీసుకొనగలరనియు కోరుచున్నాను. క్షమించమని కాదు, త్వరపడమని వ్రాసిన ఈ అర్జీని చిత్తగించవలెను.

తమ విధేయుడు,
కె. ప్రసన్నకుమార్

మళ్లీ మనవి: వెళ్లేటప్పుడు షమా తన తల్లి చెయ్యి వదిలించుకుని వెనక్కి వచ్చి, "సార్, నేనిప్పుడు ఎన్నో క్లాసండీ?" అని అడిగింది. రిజిస్టరు చూస్తే నాలుగు. పిల్ల చదివింది మూడులో సగం.