జాలీకి పట్టిన ఆకులు

నాన్నకి రెఫిక్ సలాం. నేను కులాసా. పవర్‌హౌస్‌లో నా ఉద్యోగం ఖాయం చేశారు, ఇక బెంగ పెట్టుకోకండి.

అంతా మీ చలవే. ఇక్కడా మన నీటిమర లెక్కే. నెరెత్వా నది నీళ్ళు డ్యాము నుంచి గొట్టంలో దూకి చక్రాన్ని తిప్పుతాయి. కాకపోతే ఆ ఇరుసు తిరగలి రాయికి బదులు జనరేటరును తిప్పి కరెంటు పుట్టిస్తుంది. మంగళవారం నేను మీటర్ల ముందు ఉండగా చక్రం గొంతు బొంగురుపోయింది. మన మరలో గొంతు మారితే మీరు నన్ను రాయి దగ్గరికి కాదు, కాలవ మూతి దగ్గరికి తరిమేవారు కదా! ఆ అలవాటుకొద్దీ మీటర్లు వదిలేసి డ్యాము పైకి పరిగెత్తాను. ఇక్కడ అది ఉద్యోగం ఊడే తప్పు.

"ఒరేయ్, ఇదేమన్నా మీ బాబు పిండిమర అనుకున్నావా?" అని అరుస్తూ మా మేస్త్రీ గోయ్కో వెంటపడ్డాడు. తీరా చూస్తే, నీళ్ళు లోపలికెళ్ళే ఇనుపజాలీ నిండా రాలిన ఆకులు. నేనొక కొక్కెం కర్ర తీసుకుంటే, ఆయన రెండోది అందుకున్నాడు. ఆకులు లాగేశాక చక్రం గొంతు విప్పింది. "మీ నాన్నకి నా దండాలు రాయి," అన్నాడు.

ఉన్ని మేజోళ్ళు చిరిగాయి, ఒక జత పంపండి. అమ్మ పెట్టిన ఆల్‌బుఖరా జామ్ రెండు సీసాలు కావాలి, ఒకటి గోయ్కోకి. మర రాయికి గాట్లు పెట్టించారా? చెల్లికి నా దీవెనలు.

మీకు కుడిచెవి కూడా వినిపించడం లేదని అమ్మ రాసింది. దిగులుపడకండి నాన్నా, మీ చెవులు ఇక్కడ నా దగ్గర పనిచేస్తున్నాయి.

మీ రెఫిక్